పసుపు చూడలేని కన్ను

పద్నాలుగో భాగం

పోయిన వారం అఖిలను మనం మంచి చోట వదిలి రాలేదు. శనివారం మధ్యాహ్నం, నల్లగొండ శివార్లలోని కణజాల పరిశోధన కేంద్రంలో, దాన్ని నడిపే సుహాసిని మేడం చేతిలో సన్నటి కత్తి ఉంది. కత్తి కింద రూపాయి బిళ్ళంత తెల్లటి ముక్క. ఎనిమిది వారాలు గాజు పళ్ళెంలో పెరిగిన మృదులాస్థి అది. మందంగా, నున్నగా, ఫొటో తీసి గోడకు అంటించుకునేంత ముచ్చటగా ఉంది. మేడం దాన్ని నిలువునా కోసింది. నడుమ నుంచి పలచటి గంజి లాంటి జిగురు కారి బల్ల మీద పడింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారికి ఇంకో రెండు మాటలు చెప్పాలి. ఆ ముక్క నాగేందర్‌ది. తిరుమలగిరి దగ్గరి పల్లెలో గొర్లు కాచుకునే ఇరవై నాలుగేళ్ళ పిల్లగాడు. నకిరేకల్ బైపాస్ మీద మందలోకి దూసుకొచ్చిన లారీని తప్పించబోయి డివైడర్‌కు మోకాలు కొట్టుకున్నాడు. ఎముక విరగలేదు గానీ ఎముక చివర ఉండే నున్నటి పొర, ఊళ్ళలో గుజ్జు అంటారే అది, నాణెమంత మేర ఊడిపోయింది. అతని మోకాలి నుంచే చిన్న పలుకు తీసి, అందులోని కణాలను పెంచి రెండు పళ్ళేల్లో రెండు ముక్కలు చేశారు. ఒకటి మోకాట్లో అమర్చడానికి. రెండోది తోడు పళ్ళెం, కోసి పరీక్షించడానికి. కోసింది రెండోదాన్ని. మొదటిదాన్ని కోస్తే ఇక అమర్చడానికి ఏముంటుంది? గురువారం ఆపరేషన్.

ఆ రెండు పళ్ళేలకూ తిండి పెట్టింది ఆ కేంద్రంలో పనిచేసే అఖిల. ముక్క ఎందుకు చెడిందో తనకొక్కదానికే తెలుసని ఆమె నమ్మకం.

అఖిల అద్దకం ఇంట్లో పుట్టిన పిల్ల. తండ్రి వెంకటనర్సు నూలుకు రంగులేస్తాడు. కొలతలు, యంత్రాలు ఆయనకు అక్కర్లేదు. తొట్టిలోకి ఒకసారి తొంగి చూసి, ఇంకా దమ్ముందో లేదో చెప్పేస్తాడు. పలచబడ్డ రంగులో నూలు ముంచితే బట్టంతా మచ్చలు పడుతుందని, కంటితో చూసి కొత్త రంగు కలపడమే పనితనమని పిల్లకు నాలుగేళ్ళప్పుడే నేర్పాడు. నేర్పింది బాగానే పట్టుబడింది. అంత బాగా పట్టుబడకపోతే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఎందుకంటే కణాలకు పెట్టే తిండి కూడా ఒక రంగు నీళ్ళే. ల్యాబ్‌లో దాన్ని మీడియా అంటారు. చక్కెర, ఉప్పులు, విటమిన్లు, దూడ నెత్తురు నుంచి తీసిన సీరం, అన్నీ కలిపిన ద్రవం. తాజాగా ఉన్నప్పుడు ఎర్రగా ఉంటుంది. కణాలు చక్కెర తిని పులుపు వదిలేకొద్దీ నారింజకు తిరిగి, ఆ తర్వాత పసుపెక్కుతుంది. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి మార్చాలని నియమం. నడుమ రోజుల్లో పసుపెక్కితే ఎక్కనివ్వాలి. కానీ పసుపెక్కిన తొట్టిని చూస్తూ ఊరుకోవడం ఏ అద్దకపు ఇంటి ఆడపిల్లకు చేతనవుతుంది?

చేతకాలేదు. మూడో వారం నుంచి రోజూ సాయంత్రం, అందరూ వెళ్ళాక, పాత మీడియా తీసేసి కొత్తది పోసేది. కొత్తది అంటే ఎక్కడిదో దొంగిలించింది కాదు. వారానికొకసారి కలిపినప్పుడు మిగిలిపోయేది, ఎట్లాగూ పారబోయాల్సింది. నేతింట్లో నూలు పోగు పారేయడమే పాపమనుకునే పిల్ల, సీసాడు సీసాడు మంచి తిండిని మురికి డబ్బాలో ఒంపడానికి ఒప్పుకుంటుందా? ఇక్కడ తిండి పోతోంది, అక్కడ ముక్క పసుపులో అలమటిస్తోంది. రెండూ కలిపింది. రిజిస్టర్‌లో మాత్రం సోమవారం, గురువారం అనే రాసింది. మంచి చేస్తున్నప్పుడు దాచుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందని ఆమె తనను తాను అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.

ముక్కలు రోజురోజుకూ దళసరిగా పెరిగాయి. అందరూ మెచ్చుకున్నారు. నీ చేతిలో ఏదో ఉందన్నారు. అఖిల లోలోపల పొంగిపోయింది.

ఆదివారం ఒంటరిగా ల్యాబ్‌కు వచ్చి బీరువాలోని పాత ఫైళ్ళు తిరగేసింది. మూడేళ్ళ కింద గొర్రె కణాల మీద సుహాసిని మేడం చేసిన పని అందులో ఉంది. తిండి పెంచి చూసిన ముక్కల గురించి మేడం చేతిరాతతోనే ఒక పేజీ ఉంది. సంగతి ఇది: మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. అరకొర తిండితో, ఓపికతో బతకడం దాని తత్వం. తిండి మితిమీరితే మొదట గబగబా పెరుగుతుంది. తర్వాత లోపలి కణాలు తాము అల్లుకున్న పోగులనే తెంపుకోవడం మొదలుపెడతాయి. పైకి మందం, లోపల డొల్ల. అఖిల ఆ పేజీని మూడుసార్లు చదివింది. మగ్గం మీది చీరను నేసినవాడే వెనక నుంచి కొరుక్కుంటూ వస్తున్నట్టు అనిపించింది.

సోమవారం పొద్దున చెప్పేద్దామనే వచ్చింది. కానీ ఆమె నోరు తెరిచేలోపు మేడమే కారణం చెప్పేసింది.

"కొత్త సీరం సీసా," అంది సుహాసిని. "చివరి నాలుగు వారాలు తోడు పళ్ళేనికి కొత్త సీసా వాడినం గదా. అది మంచిది కాదు. మొదటి పళ్ళేనికి పాత సీసానే వాడినం. కాబట్టి దానికేం కాలేదు. గురువారం ఆపరేషన్ ఉంటది."

మేడం మాట ఎంత సాఫీగా ఉందో అంత భయంకరంగా ఉంది. అఖిల నోరు మూసుకుంటే చాలు, తప్పు ఒక సీసా మీదికి పోతుంది. తప్పు సీసా మీదికి పోతే డొల్ల ముక్క నాగేందర్ మోకాట్లోకి పోతుంది.

"మేడం..."

"రేపు తిరుమలగిరి దిక్కు పోయి నాగేందర్‌తోటి ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టించుకొని రా. నువ్వైతే వాళ్ళకు తెలిసినదానివి."

మేడం తల దించుకుని ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది. అఖిల ఇంకాసేపు అక్కడే నిలబడి, ఏమీ చెప్పకుండా బయటికి వచ్చింది. పిరికితనం అనండి, ఏమైనా అనండి. నేను కాదనను.

మంగళవారం నకిరేకల్‌లో బస్సు మారి, పదకొండు గంటలకు ఆ పల్లె స్టేజీ దగ్గర దిగింది. తొలకరి పడి పది రోజులైనట్టుంది. గట్ల మీద, బీళ్ళలో సన్నటి పచ్చిక లేచింది. ఆకాశం మాత్రం మబ్బు పట్టి మసిగుడ్డలా వేలాడుతోంది. నాగేందర్ ఇల్లు రోడ్డుకు దగ్గరే. ముందు గొర్ల దొడ్డి, వెనక రెండు గదులు. మంద మేతకు పోయింది. పాలు మరవని గొర్రెపిల్లలు నాలుగు దొడ్డిలో అరుస్తున్నాయి.

నాగేందర్ తల్లి సత్తమ్మ వాకిట్లోనే ఎదురొచ్చి చేయి పట్టుకుంది. ఎప్పుడూ చేతులు ఖాళీగా ఉంచని మనిషి. అప్పటికప్పుడు కొంగుతో మంచం దులిపి, చెంబుతో నీళ్ళిచ్చింది.

"గింత దూరం వచ్చినవ్, బిడ్డా. అన్నం తిని పోవాలె. కోడిగుడ్లు ఉడకవెడత. మా పోరనికి గురువారమే గద? మంచిగ పెరిగిందట గద గుజ్జు? ఫోన్ల ఫొటో చూపిచ్చిండు. జున్నుముక్క లెక్క ఉన్నది."

"అవును, పెద్దమ్మా," అంది అఖిల.

సత్తమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. నాగేందర్ లోపలి గదిలో మంచం మీద, మోకాలికి పట్టీ వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నెలన్నర కింద చూసినప్పటికంటే తొడ సన్నబడింది. నడక లేని కాలు అట్లాగే ఎండిపోతుంది.

"రా అక్కా, కూసో. కాగితం తెచ్చినవా? ఇటియ్యి, సంతకం చేస్త."

అఖిల సంచి తెరవలేదు. తలుపు కొంచెం దగ్గరికి వేసింది.

"నాగేందర్, ముందుగాల ఒక మాట చెప్పాలె. నీ ముక్క ఖరాబైంది."

అతను నవ్వాడు. "గా తోడుదా? మేడం ఫోన్ల చెప్పింది. సీసా మంచిది కాదటగా. నాదైతే మంచిగనే ఉన్నదన్నది."

"సీసా కాదు తమ్మీ. నేను. రెండింటికీ నేనే తిండి ఎక్కువ వెట్టిన. వారానికి రెండుసార్లు పెట్టాల్సింది రోజూ వెట్టిన. రెండూ ఒక్కతీరుగనే పెరిగినయ్, ఒక్కతీరుగనే..." ఆ మాట పూర్తి చేయలేకపోయింది.

"తిండి ఎక్కువైతే ఖరాబైతదా?"

అడిగాడు గానీ, అడిగిన వెంటనే అతని ముఖం మారింది. గొర్లకాడ పెరిగినవాడికి ఆ ప్రశ్నకు జవాబు ఒకరు చెప్పాలా? తొలకరి పచ్చికను ఆకలి మీదున్న మంద కడుపునిండా మేస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. బాగా బలిసిన గొర్రెపిల్లే ముందు పోతుంది. పొద్దున గంతులేసింది పొద్దుగూకేలోపు గిలగిలా తన్నుకుని పడిపోతుంది. దాన్ని చిటుక రోగం అంటారు. అందుకే ఈ పది రోజులు కాపరులు మందను పచ్చిక మీదికి ఒక్కసారిగా వదలరు. ఎండుమేత పెట్టి, ఆకలి చంపి, అప్పుడు తోలుకుపోతారు.

"అంటె," అన్నాడు నాగేందర్ మెల్లగా, "తొలకరి గడ్డి మీదికి మందను ఇడిసిపెట్టినవన్నట్టు."

"అవును."

"ఎందుకు?"

"పసుపెక్కితే చూడలేకపోయిన."

ఇంతకంటే పనికిమాలిన జవాబు ఆమె నోట ఎన్నడూ రాలేదు. అదే నిజం కాబట్టి ఇంకో మాట దొరకలేదు. నాగేందర్ పక్కనున్న స్టీలు గ్లాసును చేత్తో విసిరికొట్టాడు. అది గోడకు తగిలి తలుపు దాకా దొర్లింది.

"ఏమైందిరా?" బయటి నుంచి సత్తమ్మ కేకేసింది.

"ఏం లేదమ్మా. చెయ్యి తగిలింది."

గొంతు తగ్గించి అఖిలను అడిగాడు. "అది పెడితె ఏమైతది?"

"తెల్వదు. పై పొర గట్టిగనే ఉన్నది. కొన్నాళ్ళు ఆగొచ్చు. నడక మొదలుపెట్టినంక లోపలికి కుంగి చినిగిపోవచ్చు. మూడు నెలలో, ఆరు నెలలో. ఎవ్వరూ చెప్పలేరు."

"మల్ల ఒక పలుకు తీసి పెంచరాదా?"

"మనది ఇంకా పరీక్ష కింద నడుస్తున్న వైద్యం, ఒక మనిషి నుంచి ఒక్కసారే పలుకు తియ్యాలె. నీ కణాలన్నీ ఆ రెండు పళ్ళేలకే వాడినం. నేను నిజం చెప్తే నిన్ను జాబితాల నుంచి తీసేస్తరు."

అతను కళ్ళు మూసుకున్నాడు. అఖిల కాళ్ళ మీద పడదామా అనుకుంది. పడితే ఏమొస్తుంది? క్షమించమంటే క్షమించేది అతను, తేలికపడేది తను. మోకాలు మాత్రం అట్లాగే ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే మనిషిని చూసి లోకం నవ్వుతుంది గానీ, కాలింది పక్కవాడి చేతులైతే నవ్వు కూడా రాదు.

"అక్కా," అన్నాడు కళ్ళు తెరిచి. "అదే వెట్టియ్యి."

"ఏందీ?"

"గురువారం అదే వెట్టియ్యి. ఎవ్వలకు చెప్పకు."

"పిచ్చిగ మాట్లాడకు. చినిగిపోతే ఇప్పటికన్నా ఖరాబైతది. మోకాలంతా అరుగుతది."

"నువ్వు చెప్పేది నాకు సమజైతాంది. నేను చెప్పేది నువ్వు సమజ్ చేసుకో." మంచం పట్టెను పట్టుకుని ముందుకు వంగాడు. "బాపుకు కండ్లు ఆనుతలేవు. పొద్దున మందను తోలుకపోయిండు, నక్కొచ్చినా కుక్కొచ్చినా గుర్తువట్టడు. పోయిన వారం రెండు పిల్లలు తప్పిపోయినయ్. నేను దసరా నాటికి మందెంబడి నడవకపోతె మా మామకు అప్పజెప్తనని అంటాండు. ఒక్కసారి మంద చెయ్యి జారినంక మల్ల రాదు. మూడు నెలలే నడుస్తనా? నడుస్త. మూడు నెలలు నాకు శాన ఎక్కువ."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. ఇప్పుడు నడుస్తున్ననా చెప్పు? లేవంగనే గోడ వట్టుకుంటున్న. లెట్రిన్‌కు పోవాలంటే అమ్మ భుజం కావాలె. ఇరవై నాలుగేండ్లోన్ని."

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు చేసిందాన్ని తిట్టి తరిమేస్తాడనుకుంది అఖిల. తిట్టి ఉంటే బాగుండేది. ఇట్లా ఆ తప్పునే తెచ్చి తన ఒంట్లో పెట్టమని బతిమాలుతాడని ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

"మీ అమ్మకైనా చెప్దాం," అంది.

"అమ్మకు అస్సలు వద్దు. అమ్మకు తెలిస్తే నన్ను పోనియ్యది. నీకు దండం పెడత. కాగితం ఇయ్యి."

కాగితం ఇవ్వడానికి ఆమె చేతులు రాలేదు. అతనే చేయి చాపి సంచి లాక్కుని, కాగితం తీసి, మోకాలి పక్కన పరుచుకుని సంతకం చేశాడు. పైన అచ్చులో ఉంది: అమర్చబోయే కణజాలం గురించి నాకు పూర్తిగా వివరించారు. దాని కింద రెండు గీతలు. ఒకటి రోగి సంతకానికి. రెండోది వివరించినవారి సంతకానికి.

"నువ్వూ చెయ్యి. వివరించినవ్ గద."

నిజమే, వివరించింది. ఒక్క అక్షరం అబద్ధం లేకుండా వివరించింది. ఆ గీత మీద సంతకం చేస్తే అబద్ధం కాదు. అయినా ఆ పెన్ను అంత బరువు ఎందుకుందో ఆమెకు అర్థం కాలేదు. అతను చూస్తున్నాడు. బయట సత్తమ్మ గుడ్లు ఒలుస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. అఖిల సంతకం చేసింది.

అన్నం ఎట్లా తిన్నదో ఆమెకే తెలియదు. సత్తమ్మ వడ్డిస్తూనే ఉంది. ఇంకొక్క ముద్ద, ఇంకొక్క గుడ్డు, మా పోరని గుజ్జును సాదినదానివి, కడుపు మాడ్చుకోవద్దు అంటూ. మింగలేక కక్కలేక అంటారే, అది అఖిలకు ఆ పూట అక్షరాలా జరిగింది.

బస్సు స్టేజీ దాకా సత్తమ్మ సాగనంపడానికి వచ్చింది. వద్దన్నా వినలేదు. దారిలో పోశమ్మ మొక్కు గురించి చెప్పింది, కొడుకు లేచి నడిచిన నాడు గుడి దాకా వాడే ముందు నడవాలని మొక్కుకుందట. అఖిల ఊ కొట్టింది. స్టేజీ దగ్గర తెలిసినావిడ కనిపిస్తే సత్తమ్మ ఆమెతో మాటల్లో పడింది. అఖిల నాలుగడుగులు అవతలికి పోయి, చింతచెట్టు కింద నిలబడి ఫోన్ తీసింది.

నాగేందర్‌కు ఏం మాటిచ్చింది? నిజానికి ఏ మాటా ఇవ్వలేదు. సంతకమే చేసింది.

"మేడం," అంది అఖిల, సుహాసిని ఫోన్ ఎత్తగానే. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు కాబట్టి ఆగకుండా చెప్పింది. "సీసాది తప్పు కాదు మేడం. నేను రోజూ మీడియా మార్చిన. మూడో వారం నుంచి. రెండు పళ్ళేలకూ మార్చిన. రిజిస్టర్‌ల రాయలే. మొదటిది కూడా లోపల డొల్లనే ఉంటది. ఆపరేషన్ ఆపాలె."

అవతల ఏదో బండి మోత వినిపించింది. తర్వాత సుహాసిని గొంతు, ఎప్పటిలాగే నిమ్మళంగా.

"తెలుసు."

సుహాసిని చెప్పుకుపోయింది.

"ప్రతి వారం పారబోసే డబ్బాలకు మీడియా రావాలె. ఆరు వారాల నుంచి చుక్క రాలేదు. అది యాడికి పోతున్నదో నాకు తెల్వదనుకున్నవా? రాత్రికి రాత్రి ముక్కలు అంత దళసరి అయితుంటే నేను సంతోషపడ్డ గాని అడగలేదు. అడగకపోవడం నా తప్పు. శనివారం కోసినప్పుడు అంతా అర్థమైంది."

"మరి సీసా అన్నరు?"

"ఏదో ఒకటి రాయాలె గదా, అఖిలా. ఈ మొదటి ఆపరేషన్ ఆగిపోతే మన కేంద్రం మూతపడ్డట్టే. నాగేందర్ వెనక జాబితాల పదకొండు మంది ఉన్నరు. వాళ్ళ మోకాళ్ళు మోకాళ్ళు కావా? పై పొర గట్టిగనే ఉన్నది. పట్టుకుంటదేమో."

"పట్టుకోకపోతే?"

సుహాసిని ఇంకోటి అడిగింది.

"కాగితం మీద అతని సంతకం అయిందా?"

"అయింది."

"నీది?"

"నాది కూడా."

"అయితే వివరించింది నువ్వు. నేను కాదు." ఆ మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువ భయమేసింది. "ఆపరేషన్ రేపు పొద్దుటికి మార్పించిన. నాగేందర్‌ను తీస్కపోవడానికి దవాఖాన బండి వస్తున్నది. నువ్వు యాడికి పోకు, ఆ ఊరి స్టేజీ కాడనే ఉండు. కాగితం చేతికి రాకుంటే డాక్టర్ కత్తి ముట్టడు."

ఫోన్ పెట్టేసింది.

నిన్న తనను ఇక్కడికి ఎందుకు పంపిందో అఖిలకు ఇప్పుడు తెలిసింది. వాళ్ళకు తెలిసినదని కాదు, నమ్మకస్తురాలని కాదు. రేపు ఏదైనా జరిగితే ఆ కాగితం మీద ఉండాల్సిన పేరు కోసం పంపింది. సిగ్గు, భయం, రోషం మూడూ కలిసి ఒంట్లో పాకాయి. అయినా మేడంను తిట్టుకోవడానికి తనకు ఏం హక్కుంది? పోగులు తెంపింది ఎవరు?

నకిరేకల్ పోయే బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ ఎక్కమని రెండుసార్లు కేకేశాడు. అఖిల కదల్లేదు. బస్సు పోయింది.

"అగో, బస్సు పోయింది గదనే!" సత్తమ్మ గాబరాగా వచ్చింది. "ఎక్కలేదేంది బిడ్డా? కడుపుల తిప్పుతాందా? ఉక్కకు తట్టుకోలేనట్టుంది."

ఆమె మాట ముగిసేలోపే మలుపు తిరిగి తెల్లటి బండి వచ్చింది. పక్కన ఎర్ర ప్లస్ గుర్తు చూసి సత్తమ్మ ముఖం విప్పారింది. బండి వాళ్ళ ముందే ఆగింది. డ్రైవర్ పక్క సీట్లో సుహాసిని కూర్చుని ఉంది. ఇందాక ఫోన్‌లో వినిపించిన మోత ఈ బండిదే.

"మేడం, మీరే వచ్చిండ్రా!" సత్తమ్మ రెండు చేతులూ జోడించింది. "మా పోరని కోసమేనా? ఇయ్యాల్నే తీస్కపోతరా? మీ కాళ్ళకు మొక్కుత తల్లీ. మీరు మా ఇంట్ల దీపం పెట్టిండ్రు."

సుహాసిని తల ఊపింది. చిన్నగా నవ్వింది కూడా. తర్వాత కిటికీలో నుంచి అఖిల వైపు చేయి చాపింది.

"కాగితం."

అఖిల చేయి సంచి లోపలే ఉంది. వేళ్ళకు కాగితం అంచు తగులుతోంది. ఇటు మేడం చాపిన చేయి, అటు సత్తమ్మ జోడించిన చేతులు. నాగేందర్ ముఖం గుర్తొచ్చింది. అమ్మకు అస్సలు వద్దన్నాడు. దండం పెడతనన్నాడు. అతని మాట నిలబెడితే అతని కాలు పోతుంది. కాలు కాపాడబోతే అతని మాట పోతుంది, మందా పోతుంది. ఏ దిక్కు చూసినా నష్టపోయేది అతనే. తను చేసిన పనికి.

"పెద్దమ్మా," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీ నాగేందర్ గుజ్జు మంచిగ లేదు. నేనే ఖరాబు చేసిన. పైకి మంచిగ కనవడుతది గాని లోపల మెత్తగయింది. అది పెడితే కాలు నిలవదు."

"అఖిలా!" అంది సుహాసిని.

బండి ఇంజను ఆడుతూనే ఉంది. సత్తమ్మ చేతులు ఇంకా జోడించే ఉన్నాయి, దించడం మరిచిపోయినట్టు. మేడం వైపు చూసింది. అఖిల వైపు చూసింది. తిడుతుందని, జుట్టు పట్టుకుంటుందని అఖిల కాచుకుని నిలబడింది. సత్తమ్మ ఆ రెండూ చేయలేదు. ఇంటి దిక్కు, కొడుకు పడుకున్న గది దిక్కు ఒకసారి తిరిగి చూసి, చాలా మెల్లగా ఒక్క మాట అడిగింది.

"గీ సంగతి నా కొడుక్కు ఎరికేనా, బిడ్డా?"